మడిచిన మూల

పలాసలో రాత్రి రెండున్నర.
విశాఖ వైపు బండి ఒకటి వెళ్ళింది.
కిటికీ అద్దాలు కాస్త వణికి ఊరుకున్నాయి.
జీడిపిక్కలు కాల్చిన వాసన
ఫినాయిల్‌ని దాటుకుని
ఆడవాళ్ళ వార్డులోకి వచ్చి కూర్చుంది.

పదకొండో మంచం, తామాడ కూర్మమ్మ.
ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి.
వేళ్ళ చివర్లు నల్లగా, గీతల్లేకుండా.
రేషన్ మిషనుకి ఆ వేళ్ళు దొరకవట.
నరాలూ అంతే, ఒక పట్టాన దొరకవు.

మందు ఎక్కించబోతూ చెయ్యి తిప్పి చూశాను.
ప్లాస్టరు కింద మొదలై
మోచేతి వైపు పాకుతోంది ఎర్రటి గీత.
వేలు పెడితే వేడి.
నరం తాడులా బిగిసింది.

"ఎప్పట్నుంచి నొప్పి?"

"నిన్న పొద్దుట్నుంచమ్మా.
నువ్వు అటూ ఇటూ పరిగెడతన్నావు,
ఏటి సెప్తాంలే అనుకున్నాను.
సూదన్నాక నొప్పెట్టదేటి?"

ప్లాస్టరు మీద తేదీ లేదు.
టైము లేదు. ఎవరు పెట్టారో లేదు.
ఒళ్ళు మండింది.
పగటి డ్యూటీ దమయంతికి ఒక మాట,
ట్రైనింగు పిల్లలకి ఒక మాట,
కింద క్యాజువాలిటీ వాళ్ళకి ఇంకాస్త పెద్ద మాట
సిద్ధం చేసుకుంటూ అంచు లేపబోయాను.

మూల మడిచి ఉంది.

తీసేటప్పుడు గోటికి దొరకాలని
చిన్న చెవిలా మడుస్తాను.
ఈ వార్డులో ఇంకెవరికీ లేదు ఆ అలవాటు.

ఆదివారం రాత్రి.
నాలుగోసారికి నరం దొరికింది. జేబులో పెన్ను లేదు.
తర్వాత రాద్దామనుకున్నాను,
పక్క మంచం పిల్లకి ఫిట్స్ వచ్చాయి.
ఆ 'తర్వాత' మూడు రోజులుగా
ఈమె నరంలోనే ఉండిపోయింది.

తీసేశాను.
దూదితో నొక్కిపట్టాను,
అవసరానికన్నా కొంచెం ఎక్కువసేపే.
కుడిచేతికి వేడినీళ్ళ గుడ్డ చుట్టి,
చేతులు మళ్ళీ కడుక్కుని,
స్పిరిట్ ఆరేదాకా ఆగాను.
ఆగడం కూడా పనేనని
ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎన్నిసార్లు మర్చిపోయానో.
ఈసారి ఒక్క పోటుకే దొరికింది.

"ఏటి రాత్తన్నావమ్మా?"

"తేదీ. టైము. నా పేరు."

"నా సెయ్యి మీద నీ పేరేల?"

"మళ్ళీ నొప్పెడితే నన్ను పిలిచి తిట్టడానికి."

"తిడతాన్లే," అని అటు తిరిగి పడుకుంది.

రిజిస్టర్లో రాశాను:
పదకొండో మంచం. నరం వాచింది. తేదీ వేయలేదు.
పెట్టింది ఎవరు అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత నడిచింది.

పొద్దుటి బండి ఇంకా రాలేదు.
టార్చి తీసుకుని లేచాను.
ముఖాల మీద వెలుగు పడకుండా
ఒక్కొక్క దుప్పటీ అంచు ఎత్తి
చేతులు చూస్తున్నాను,
మడిచిన మూలల కోసం.