పదకొండో బిందె

ఉంగరం రావట్లేదు ఇవాళ.
సబ్బు రాశాను, కొబ్బరినూనె రాశాను,
కణుపు దగ్గర మొండికేసి కూర్చుంది.
"నీరు పట్టిందే" అనేది సూళ్ళూరుపేటలో మా మేనత్త,
పాదం మీద బొటనవేలితో నొక్కి
ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ.

పెరంబూరులో నాలుగున్నరకే లారీ.
వరసలో నా పచ్చ బిందె పదకొండోది.
బోరునీళ్ళలో పప్పు ఉడకదు, జుట్టు అట్టకడుతుంది.
తిలకవతక్క పైపు పట్టుకుని నిలబడితే
ఒక్క చుక్క నేల పాలు కాదు.

పార్క్ టౌన్‌లో రైలు మారి తరమణి.
ల్యాబ్‌లో నా పని ఇదీ:
ఎలుక పెద్దపేగు ముక్కని, తపాలా బిళ్ళకన్నా చిన్నదాన్ని,
రెండు గాజు గదుల నడుమ గోడలా బిగించడం.
అటూ ఉప్పునీళ్ళే, ఇటూ ఉప్పునీళ్ళే.
ఎలుక పోయినా ముక్క ఇంకో మూడు గంటలు బతుకుతుంది,
ఉప్పుని పేగులోకి తోస్తూనే ఉంటుంది.
దాని వెనకే నీరు.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారే,
ఆ సామెత పేగుకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అప్పుడు ఈస్ట్రోజెన్, పిసరంత.
తెర మీద గీత మెల్లగా దిగుతుంది.
ఎక్కడో లోపల
తిలకవతక్క పైపు మడిచి పట్టుకున్నట్టు.
ఆడ ముక్కలోనే.
మగదాంట్లో గీత తిన్నగా పోతుంది, పిలిచినా పలకదు.

ఏడేళ్ళు మగ ఎలుకలతోనే గడిపాం.
"ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి లెక్క మారుతుందమ్మా,
గ్రాఫు పాడైపోతుంది" అనేవారు శేషశయనం సార్,
చెడ్డమనిషేం కాదు.
ఆ పాడైన గ్రాఫులన్నీ
బీరువా మీద అట్టపెట్టెలో ఉన్నాయి.
నిన్న రాత్రి దుమ్ము దులిపి దించాను.

ఎత్తు, పల్లం, ఎత్తు.
నా క్యాలెండర్లో పాల లెక్క పక్కన
ఎవరికీ తెలీకుండా పెట్టుకునే చుక్కల్లాగా.

ఎవరో వస్తారని కాబోలు ఈ పొదుపు,
వచ్చేవాళ్ళకి నీళ్ళు కావాలని.
నలభై మూడేళ్ళొచ్చాయి నాకు.
ఎవరూ రావట్లేదని పేగుకి ఎవరు చెబుతారు?
చెప్పినా వినే రకం కాదు,
పొట్ట బిగుతుగా, బరువుగా,
నెలనెలా తన బిందెలు తను నింపుకుంటుంది.

తిలకవతక్క నా వేలు చూసి
"దారం చుట్టి లాగనా?" అంది తమిళంలో.
వద్దన్నాను.
ఎల్లుండికి దానంతటదే జారుతుంది.
జరగండి, తొమ్మిదోది నిండింది.