చిలుము

పడకగది గోడమీద తడి
ముందు అరచేయంత,
ఉగాది నాటికి చాటంత,
మొదటి వాన పడకముందే మంచం తలాపు దాకా.
"మీ బాత్రూములో ఏదో పగిలింది" అన్నాను
పైవాటా ఐరీన్ గారితో. అడగలేదు, అన్నాను.
ఆవిడ కొళాయిలు మార్పించింది. టైల్సు తవ్వించింది.
మరక మాత్రం దిగుతూనే ఉంది.
ఆ తర్వాత మెట్లమీద ఎదురైతే
సంచీలో తాళంచెవి వెతుక్కునేది.

కాక్స్ టౌనులో ఈ ఇల్లు కట్టినాయన
డెబ్బై ఆరులో వేడినీళ్ళకు రాగి గొట్టాలు వేయించాడట,
వందేళ్ళు వెనక్కి చూడక్కర్లేదని.
వందలో సగానికే నేను
మునిశామప్పకి కబురు పెట్టాను.

ముళబాగిలు మనిషి. గోడవైపు చూడనైనా లేదు.
ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు వేసి
పావుగంట బీడీ కాల్చాడు.
పింగాణీ తెల్లగానే ఉంది.
"ఇది కాదు" అని మిద్దె ఎక్కాడు.
మా ట్యాంకు మా వాటాకే, వాళ్ళది వాళ్ళకే.
రాత్రి మా దాంట్లో నీటి అంచున చాక్‌పీసు గీత గీసి
"తెల్లారేదాకా గుక్కెడు కూడా ముట్టొద్దమ్మా" అన్నాడు.
పొద్దున గీతకు జానెడు కింద నీళ్ళు.
మర్నాటి రాత్రి గీజరు వాల్వు కట్టి గీశాడు.
పొద్దున గీత తడిగా, ఉన్నచోటే.

ఆ రెండు గీతలు
నేనే గీసి ఉండొచ్చు, ఎనిమిది నెలల కిందట.
మిద్దెకు పద్నాలుగు మెట్లు.

"నా చెవులు డ్రిల్లు మిషన్లకు పోయినాయి.
పండ్లు చెవుడు కాలేదు కదా" అంటూ
స్క్రూడ్రైవరు పిడి పళ్ళమధ్య కరిచి
మొన గోడకానించి
వంటింటిదాకా అంగుళం అంగుళం నడిచాడు.
సింకు వెనక ఆగాడు. పిడి తుడిచి నాకిచ్చాడు.
కరిచాను. ఇనుము రుచి. వేరేవాళ్ళ పొగాకు.
ఆపైన, దవడ ఎముకలో,
పాలు పొంగబోయే ముందు గిన్నె అంచు చేసే సద్దు.
అక్కడ గోడ గోరువెచ్చగా ఉంది,
జ్వరం తగ్గుతున్న పిల్లాడి నుదురులా.

"మరి తడి పడకగదిలో కదా?"
"నీళ్ళకేం తొందరమ్మా.
గొట్టం వీపుమీదే నడిచిపోయి
వంపు దొరికినకాడ దిగుతాది.
తడి చూసి తవ్వితే ఇల్లంతా తవ్వాల."

కోసి తీసిన ముక్క జానెడు.
మీద ఆకుపచ్చ పొక్కు. గోటితో గీకాడు.
కింద ఆవగింజ కూడా పట్టని తూటు.
"బోరు నీళ్ళు. మెల్లిగా తినేసినాయి."
"ఇదొక్కటేనా?"
అతుకు చల్లారేదాకా మాట్లాడలేదు.
"అంతా ఒకే నాడు పుట్టిన గొట్టమే కదా" అన్నాడు,
సంచీ జిప్పు వేసుకుంటూ.

సాయంత్రం ఆ ముక్క పట్టుకుని పైకెళ్ళాను.
మెట్లమీద కూడబలుక్కున్న మాటలు
తలుపు తెరుచుకోగానే తమిళంలోకీ రాలేదు, తెలుగులోకీ రాలేదు.
ముక్క చేతిలో పెట్టాను.
ఐరీన్ గారు కళ్ళజోడు నుదుటికి తోసి
ఒక కొస కంటికి ఆనించి, లైటువైపు తిప్పి చూసింది.
"ఇంత సన్నదా" అంది.

కాసేపటికి,
"నా టైల్సు కూడా ఈ రంగే.
మా ఆయన ఏరి తెచ్చినవి.
మళ్ళీ ఎక్కడా దొరకలేదు."

లోపలికి రమ్మనలేదు.
తలుపూ వేయలేదు.