మీటరు పెట్టె

ఆ ఏడు మా వాటాకి కరెంటు బిల్లు
నెలనెలా అంచనా మీదే వచ్చింది.
మీటరు పెట్టెలో కందిరీగలు.
రీడింగు తీసే ఇమ్మానియేలు గేటు దగ్గరే నిలబడి
మెడ సాచి చూసేవాడు.
"అక్కా, నాకు ఇద్దరు పిల్లలు" అనేవాడు,
నేనేదో వాళ్లని అడిగినట్టు.

ముందు ఒక్కటే వచ్చింది.
దండెం కట్టిన వెదురు గడని
కొరికి, నమిలి, ఉమ్మితో మెదిపి
పెసరగింజంత కాగితం కట్టింది.
చూసి ఊరుకున్నాను.
ఒక్కదానివే ఏం కడతావులే అనుకున్నాను.
ఆ మాట నన్ను కూడా చాలామంది అన్నారు.

ఆషాఢానికి అరచెయ్యంత అయింది.
తామరకాయ బోర్లించినట్టు,
గదికో తెల్లటి తల.

ఏటుకూరు రోడ్డులో సలహాలకి కరువేముంది.
కిరసనాయిలు గుడ్డ అంది మస్తాన్‌బీ.
పెట్రోలు పోసి అగ్గిపుల్ల గియ్యమన్నాడు ఆటో శ్రీహరి,
ఫ్యూజుల పక్కన!
ఇల్లుగలావిడ శేషారత్నం గారు మేడ మీంచి,
"గూడు పెడితే ఆ ఇంట్లో ఎవరో నీళ్లోసుకుంటారంటారే" అని నవ్వింది.
నాకు యాభై రెండు.
మా ఆయన పోయి పదకొండేళ్లు.
నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాం.

చివరికి అందరిదీ ఒకటే మాట:
"మిరపకాయ పొగ పెట్టు.
గుంటూరులో ఉండి ఘాటుకి వెతుక్కుంటారా ఎవరైనా?"

నిజమే.
పొద్దున ఆరింటికి కోల్డు స్టోరేజీ గేటు.
బస్తా విప్పితే తేజ, కాకపోతే మూడొందల ముప్పై నాలుగు.
కాయ ఇటు, తొడిమ అటు,
కిలోకి ఇంతని.
సాయంత్రం ఎన్నిసార్లు కడిగినా
కళ్లు తుడుచుకోకూడని చేతులు.
మనవరాలికి జడ వెయ్యాలన్నా
మజ్జిగ, కొబ్బరినూనె, మళ్లీ కొబ్బరినూనె.
అప్పటికీ అది, "చెవుల దగ్గరికి రాకు అమ్మమ్మా" అంటుంది.

పిడికెడు తాలుకాయలు కొంగున కట్టుకున్నాను.
సూపర్‌వైజరు చూసి, తాలే కదా అని తల తిప్పుకున్నాడు.
చీకటి పడ్డాక తలకి దుప్పటి చుట్టుకుని
సొట్టల బొచ్చెలో నిప్పులు, నిప్పుల మీద కాయలు.

మొదట దగ్గింది మస్తాన్‌బీ.
తర్వాత శ్రీహరి, వాళ్ల చంటిది,
మేడ మీద కిటికీ తలుపులు టపాటపా.
దారిన పోయేవాడెవడో బండి ఆపి మరీ తిట్టాడు.
కందిరీగల తుట్టె సంగతేమో గానీ
మనుషుల తుట్టె మాత్రం కదిలింది.
నాలుగు వాటాల వాళ్లూ రోడ్డు మీద నిలబడి
ముక్కులు చీదుకుంటుంటే
నేనొక్కదాన్నే దగ్గలేదు.
ఇరవై ఏళ్లుగా నా లోపలంతా అదే.

అప్పుడు లేచాయి. ఒకటి వచ్చి
బొటనవేలి మొదట్లో కుట్టింది.
సున్నం రాసుకుంటూ చూస్తే వింతగా అనిపించింది:
ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో
వేలు పెట్టి చూపించగల మంట
ఎన్నాళ్లకి!

పొగ పల్చబడ్డాక నిక్కి చూశాను.
అన్నీ తిరిగొచ్చి కూర్చున్నాయి.
కొన్ని గదుల నోళ్ల దగ్గర ఆగకుండా రెక్కలాడిస్తున్నాయి,
లోపలి పిల్లలకి గాలి తగలాలని కాబోలు.
మా షెడ్డులో పసిబిడ్డల తల్లులు
అట్టముక్కతో ఇలాగే విసురుతారు,
రెండో చెయ్యి తొడిమల మీంచి తియ్యకుండా.

బొచ్చెలో చెంబెడు నీళ్లు కుమ్మరించాను.
"అయిపోయిందా?" అని అరిచాడు శ్రీహరి.
అయిపోయిందన్నాను.

కార్తీకంలో ఒకరోజు పెట్టెలో చప్పుడు లేదు.
తెరిస్తే గూడు ఒక్కటే ఉంది.
వేలితో తాకితే ఊడి వచ్చింది,
ఉల్లిపొర కంటే తేలిక.
ఇమ్మానియేలు అద్దం తుడిచి అంకెలు చూసి,
"అంచనా కంటే తక్కువే కాల్చావక్కా,
డబ్బులు నీకే ఎదురొస్తాయి" అన్నాడు.
ఎంతని అడగలేదు.

గూడు మా మనవరాలు తీసుకుంది.
అరుగు మీద బోర్లా పడుకుని
పెన్సిలు మొనతో గదులు లెక్కపెడుతోంది.
నలభై ఒకటి దగ్గర తప్పింది.
మళ్లీ మొదలుపెట్టింది.