మొదటి బుధవారం

వాల్దీవియాలో వాన ఆగదు,
మధ్య మధ్య ఊపిరి తీసుకుంటుంది, అంతే.
ఆ సందులోనే నేను మెట్లు తుడుస్తాను.
నది ఒడ్డున తాళ్ళతో కట్టేసిన జలాంతర్గామి.
పాతికేళ్ళు మునిగి తేలి
ఇప్పుడు మునగడం మరిచిపోయి
పోటుకీ పాటుకీ
జానెడు లేచి జానెడు దిగుతుంది.

టికెట్లు చింపేది నేనే, ఇత్తడి తోమేది నేనే,
"తల జాగ్రత్త" అనేదీ నేనే.
తలలు తగులుతూనే ఉంటాయి.
గుండ్రటి తలుపు దగ్గర
ఎంతటి మేయరైనా నడుం వంచి, ఒక కాలు ముందు చాపి,
దూడ పుట్టినట్టు అవతలికి జారిపడతాడు.

పిల్లలకు రెండే ప్రశ్నలు:
పాయిఖానా ఎక్కడ, ఇది ఎంతమందిని చంపింది.
మొదటిదానికి వేలు చూపిస్తాను.
రెండోదానికి "ఒక్కరినీ కాదు" అంటే
డబ్బు దండగైనట్టు మొహాలు పెడతారు.

నెలలో మొదటి బుధవారం ఉచితం.
ఆ రోజు ఎదువిహిస్ వస్తుంది
చేపల బజారు మీదుగా,
సంచిలో ఉల్లికాడలు, చేతిలో కర్ర.
పెరిస్కోపు కేసి చూడదు. టార్పెడో గొట్టాల దాకా పోదు.
మూడంతస్తుల మంచాల్లో
కింది నుంచి రెండోది,
దాంట్లోకి ముఖం పెట్టి నిలబడుతుంది
బావిలోకి తొంగిచూసినట్టు.

అది అన్సెల్మో మంచం. సగమే అతనిది.
ఇతను కాపలాకి లేస్తే
ఆ వెచ్చదనంలోకే ఇంకొకడు దూరేవాడు.
"కట్టుకున్నదానికి లేని వేడి
ఆ బయెస్తెరోస్‌గాడికి దక్కింది" అంటుంది నవ్వి.

అతను ఇంటికొస్తే గుమ్మంలోనే బట్టలు విప్పించేదట.
మూడు ఉడుకులు ఉడకబెట్టినా వదలని డీజిలు.
దిండులో డీజిలు, రొట్టెలో డీజిలు,
తొలిచూలు బిడ్డ మాడు మీద కూడా డీజిలే.
"ఛీ, అవతలికి పో అన్నాను ఇరవై రెండేళ్ళు.
పోయాడు.
ఇప్పుడు ఇల్లంతా సబ్బు వాసన."

కిందటి చలికాలం పెద్దాఫీసు వాళ్ళు దిగారు.
చూడ్డానికొచ్చినవాళ్ళకు తలనొప్పి వస్తోందని
అడుగున నిలిచిన నూనెంతా తోడించారు,
నిమ్మ వాసన ద్రవంతో గోడలు కడిగించారు.
కడిగిందీ నేనే.
ఆ బుధవారం ఆమె వచ్చింది, ముఖం పెట్టింది,
ఇంకాస్త లోపలికి పెట్టింది,
అరచేత్తో పరుపు తడిమింది.
ఏమీ అనలేదు.
ఉల్లికాడలు అక్కడే మరిచి వెళ్ళిపోయింది.

వంతెన కింద బంకు. అరలీటరు సీసా.
"పడవకా?" అన్నాడు కుర్రాడు.
పడవకే అన్నాను. అబద్ధం కాదు.
అప్పటి నుంచీ నెలనెలా, ఆ ముందు రాత్రి,
గేటు వేశాక,
బయట నీటి సింహాలు తెప్పల మీద పొర్లుతూ
తాగుబోతుల్లా చోటు కోసం తన్నుకుంటుంటే,
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
గుడ్డ పేలిక తడిపి
ఆ పరుపు వెనక, పైపుల సందులో కుక్కుతాను.
తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.
నిప్పు సంగతి నాకూ తెలుసు. నాలుగు చుక్కలే.

మొన్న బుధవారం జోరు వాన.
గొడుగు నా చేతికిచ్చి లోపలికి నడిచింది.
చాలాసేపు.
ఉక్కు వీపు మీద చినుకులు,
అవతల గదిలో ఎవరి బిడ్డో ఆపకుండా గంట కొడుతోంది.
తిరిగొస్తూ గుండ్రటి తలుపు దగ్గర
ఆసరాకి నా చెయ్యి పట్టుకుంది.
దాటాక వదల్లేదు.
నా వేళ్ళు ముక్కు దగ్గరికి తీసుకుంది.
నేను ఊపిరి బిగబట్టాను,
పైన శత్రువు ఓడ పోతున్నట్టు.

"ఈసారి కాస్త తగ్గించు తల్లీ" అంది.
"మా ఆయన మరీ ఇంత కంపు కొట్టేవాడు కాదు."