పెట్టె ధర ఒక్కటే చెప్పినాడు

సద్ది డబ్బా అంత ఉండాది కంప్యూటరు.
అరచేతిలో పెట్టి చూపించినాడు కాశింవలి
గడియారస్తంభం పక్క సందులో, మెట్ల కింది అంగట్లో.
"పద్నాలుగు వేలు గంగరత్నక్కా, ఇంగ మాట లేదు.
కరెంటు తాగదు, చప్పుడు చెయ్యదు,
బల్ల మీద జాగా అంతా నీదే."

నా బల్ల మూడడుగులు.
కాళ్ల కాడ పాత పెట్టె,
ఎండాకాలం దాని ఊపిరి మోకాళ్లకు తగిలి కాలేది.
కొంటి.
ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుని
కలెక్టరాఫీసు ఎదురుగా ఉండే నా గూటికి ఆటోలో తెస్తి.

తగిలిద్దామంటే మూతి కలవలేదు.
పాత తెర వైరుకు పదహైదు పండ్లు,
కొత్త పెట్టెకు సన్నటి చీలిక నోరు.
ఇద్దరికీ మాట కలిపే బొటనవేలంత ముక్క
నాలుగునూర్ల యాభై.

అది తెచ్చేసరికి
ఉండే రెండు రంధ్రాల్లో కీబోర్డూ మౌసూ కూర్చున్నాయి.
ప్రింటరూ వేలిముద్రల మిషనూ
కళ్యాణదుర్గం బస్సులో సీటు దొరకనోళ్ల మాదిరి
వైరు చేతబట్టుకుని నిలబడినాయి.
"హబ్బు కావాలక్కా." ఆరునూర్లు.
హబ్బు వచ్చినాక వేలిముద్ర మిషను మినుక్కుమని ఆరిపోతాది.
"దానికి కరెంటు చాలదక్కా, సొంత కరెంటుండే హబ్బు వేరే ఉండాది."
పదమూడునూర్లు.
ఆ హబ్బుకొక ప్లగ్గు, ప్లగ్గుకొక బోర్డు,
బోర్డుకు తావు లేక గోడకొక మేకు.
మేకు మాత్రం ఇంట్లో ఉండేదే.

పిట్ట కొంచెం, మేత ఘనం.
బల్లంతా నల్లటి పేగులు.
టీ గ్లాసు కిటికీలో పెట్టుకుంటాండా.

రాత్రి షట్టరు దించినాక
కరెంటు బిల్లు వెనక కూడితి.
పెట్టె పద్నాలుగు వేలు.
తోక నాలుగువేల మూడునూర్లు, ఆటోలతో కలిపి.
అబద్ధం చెప్పలేదు కాశింవలి.
ధర అడిగితి, చెప్పినాడు.
అడగనిది చెప్పలేదు.

మరుసటి దినం పొద్దున
బెళుగుప్ప దిక్కు నుంచి వన్నూరప్ప వచ్చినాడు, పింఛనుకు.
నా తలుపు మీద నా చేత్తో రాసిన అట్టముక్క ఉండాది:
దరకాస్తు ఉచితం.
ఎవరితోనో చదివించుకుని లోపలికి వచ్చినాడంట.

ఫోటో ఉండాదా తాతా?
లేదు. నలభై.
పాసుబుక్కు జెరాక్సు? రేషనుకార్డుది? ఇద్దరు సాక్షులవి?
స్కానింగు.
ఫోనుకు నెంబరు రావల్ల, ఫోనులో దుడ్డు లేదు,
దానికి రీచార్జి.
కొత్త హబ్బు మీద ఎర్రగా వెలిగే మిషనుపై ఆయప్ప వేలు పెట్టినాడు.
యాభై ఏండ్లు బుడ్డలు ఒలిచిన వేలు,
గీతలన్నీ పొట్టుతోనే పోయినాయి.
పలకలేదు.
పంచెకు తుడుచుకుని మళ్లా పెట్టినాడు.
"నాలోనే కరెంటు చాలదేమో పాపా."

నడుముకు చుట్టుకున్న సంచి ముడి విప్పుతా
మెల్లగా అడిగినాడు,
"దరకాస్తు ఉచితమని రాసినారంట గదా?"
"దరకాస్తు ఉచితమే తాతా," అంటి.
అన్నాక
నా గొంతులో
మెట్ల కింది అంగడి వినపడింది.

ఆయప్ప కాడ తీసుకోలేదని చెప్పను.
రీచార్జి నా దుడ్డు కాదు, ఫోటో కాగితమూ ఊరికే రాదు.
తీసుకుంటి. పది తగ్గించి.
బస్సుకు ఉండాదా అని అడిగితి,
ఆయప్ప తల ఊపినాడు, అవుననో కాదనో.

ఆయప్ప పోయినాక అట్టముక్క పీకితి.
సద్ది డబ్బా వచ్చిన అట్టపెట్టె మూత చించి
దాని మీద లావు పెన్నుతో రాస్తి:
పింఛను, అన్నీ కలిపి రెండునూర్ల ముప్పై.
వేలు పడకపోతే ఇంకోసారి రావల్ల.
బస్సు కిరాయి మీదే.

మూడు దినాలైంది.
వస్తారు, చదివించుకుంటారు, నా మొగం చూస్తారు,
ఎదురంగడికి పోతారు.
అక్కడ ఉచితం అని ఎర్రరంగుతో రాసుండాది,
వరస రోడ్డు దాకా ఉండాది.

నేను కిటికీలోని టీ గ్లాసు అందుకుని తాగుతాండా.
పెట్టె బల్ల మీద మట్టసంగా కూర్చోనుండాది.
చప్పుడు లేదు.
ఆ మాట మాత్రం
నిజమే చెప్పినాడు కాశింవలి.