వెన్న శాతం

ముందు బొగ్గుముక్కను చూపిస్తాను దానికి,
తర్వాత అల్యూమినియాన్ని.
నలుపంటే ఇంత, తెలుపంటే ఇంత అని
మిషను కంటికి హద్దురాళ్లు పాతాకే
ఎముకను లోపలికి పంపాలి.

తిరుపతిలో మే నెల. బయట
తారు చెప్పులకు అంటుకుంటా ఉంది.
ఈ గదిలో ఇరవై డిగ్రీలు.
పంపు గూట్లోని గాలిని తాగేస్తోంది
ఆఖరి గుక్క దాకా.
గాలి మిగిలితే ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి.

గోరంత ముక్క.
రెజిన్లో గడ్డకట్టించి, అద్దంలా సానబట్టి,
పైన కార్బన్ పొగ పట్టించాం.
పేరు ఉండదు, ఉండకూడదు, నియమం.
ఎఫ్-27. స్త్రీ. అరవై ఎనిమిది. తుంటి విరుపు.
బంగారుపాళ్యం మండలం.
వృత్తి అన్న గడిలో ఎవరో ఒక్క మాటే రాశారు:
పాలు.

బరువైన అణువు తగిలితే ఎలక్ట్రాను
గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది.
కాల్షియం నిండుగా ఉన్నచోట తెలుపు,
తగ్గేకొద్దీ బూడిద,
లేనిచోట చీకటి.
చుక్క చుక్కకూ ఒక అంకె,
లక్షల చుక్కలు.

తెర మీద మెల్లగా తెల్లారింది ఎముక.
వరిమడి గట్లలాంటి సన్న కమ్మీలు
అక్కడక్కడ తెగి.
తెగని గట్ల అంచున కూడా
వెడల్పాటి నల్ల పట్టీలు.
అది కొత్త ఎముకే.
గోడ కట్టుకుంటా పోయింది ఒళ్లు,
పూయడానికే సున్నం లేదు.

మా నాయన పాలకేంద్రంలో టెస్టరు.
తెల్లారుజామున నాలుగున్నరకు
గాజు గొట్టంలో పాలు, పాలకింద ఆసిడ్,
గిరగిరా తిప్పితే వెన్న పైకి తేలి
గీతల మీద నిలిచేది.
"నాలుగు పాయింట్ రెండు!" అని ఆయన కేకేస్తే
పదేళ్లదాన్ని, నేను పుస్తకంలో ఎక్కించేదాన్ని.
ఆయన రాత ఆయనకే అర్థమయ్యేది కాదు.

మొగిలమ్మ అని ఒకామె,
వరసలో ఎప్పుడూ ముందు.
రెండు జెర్సీ ఆవులు, ఒక స్టీలు క్యాను,
క్యాను మోసీ మోసీ ఒక పక్కకు ఒరిగిన నడక.
"నీళ్లు కలిపేదే తెలీదు గదమ్మే నీకు,
ఎట్లా బతుకుతావు?" అని నాయన ఆటపట్టిస్తే
"కలిపితే నీ గొట్టం చెప్పేస్తాది గదా సారూ" అనేది.
నిజమే, గొట్టం అన్నీ చెప్పేది.
ఇంటికి ఎంత ఉంచుకున్నావని అడిగే గడి మాత్రం
నా పుస్తకంలో లేదు.

ఒకసారి వాళ్లింటికి బాకీ చీటీ ఇయ్యను పోయినా.
టీ ఇచ్చింది. నల్లది, బెల్లం వేసి.
"ఏమనుకోవద్దు పాపా,
పాలన్నీ పోసేస్తిని."

ఇది ఆమే అని అనను.
ఆ మండలంలో పాలు పోసే ఆడోళ్లు ఎన్ని వందలో.
ఆమెకిప్పుడు ఎన్నేళ్లని లెక్క మొదలుపెట్టి
సగంలో ఆపేశాను.
కేస్ షీటు పై గదిలో ఉంది,
తాళం నా దగ్గరే ఉంది.
నియమం.

పక్క తెర మీద ఇంకో గీత లేచింది:
ఫాస్ఫరస్ ఒక గోపురం, కాల్షియం ఒక గోపురం.
రెంటి పొందిక బాగానే ఉంది.
ఉన్నకాడికి ఎముక కల్తీ లేనిది.
తక్కువ, అంతే.

"ఎంతొచ్చింది హంసవేణీ?"
మేడం అవతలి గదిలోంచి అడిగారు.
సగటు చూశాను. ఇరవై రెండుకు దగ్గర్లో ఉండాల్సింది.
"పద్దెనిమిది పాయింట్ నాలుగు!"
గాజు తలుపు దాటి వినపడాలని కేకేశాను,
అచ్చం మా నాయన గొంతు వచ్చింది.
అక్కడ ఎవరో రాసుకున్నారు.

క్యాంటీన్ అబ్బాయి టీ తెచ్చి పెట్టాడు,
పాలు ఎక్కువ, డికాషన్ తక్కువ.
తాగలేకపోయానని రాస్తే బాగుంటుంది.
తాగాను.
గ్లాసు వేడి తగ్గకముందే
గూట్లోకి గాలి వదిలి, మూత తీసి,
ఎఫ్-28 పెట్టాను.