కొసరు

మొదటి అధ్యాయం, మొదటి వాక్యం దగ్గరే
మూడు నెలలుగా ఆగిపోయాను.
"ప్రతి ఎంపికా ఒక వదులుకోవడమే"
అని రాశాను, కొట్టేశాను.
పదహారేళ్ల పిల్లలు చదవాల్సిన పుస్తకం ఇది.
ఎల్ ఆల్తోలో, నాలుగు వేల మీటర్ల ఎత్తున,
వేళ్లు కొంకర్లు పోయే తరగతి గదిలో
చేతి తొడుగులతో పేజీలు తిప్పుతారు వాళ్లు.
బస్సు చార్జీనా, రొట్టెనా అని
రోజూ పొద్దున్నే తేల్చుకుని బడికొచ్చేవాళ్లకి
ఈ మాట నేను చెప్పాలా?

ఉదాహరణ కోసం గురువారం సంతకి వెళ్లాను.
నలిగిన కార్ల తలుపులు, జత తప్పిన బూట్లు,
పెళ్లిబట్టలు, కోడిపిల్లలు, ఎవరివో ఎక్స్‌రే ఫిల్ములు.
అమ్ముడుపోనిదంటూ లేదు, అడిగేవాడు రావాలి గానీ.
సంత చివర్న, కేబుల్ కార్ల నీడలు
ఒకదాని వెనక ఒకటి పాకే చోట
బసీలియా తార్కి చూన్యో అమ్ముతుంది.

చూన్యో అంటే ఏం లేదు, బంగాళాదుంపే.
జూన్ మంచులో మూడు రాత్రులు ఆరుబయట పరిచి,
పగలు కాళ్లతో తొక్కి నీళ్లు పిండి,
ఎండబెడితే గులకరాయంత అవుతుంది.
నల్లగా, తేలిగ్గా. ఏళ్ల తరబడి చెడదు.
ఇవాళ తినగలిగిన దుంపని
ఎప్పటి ఆకలికో దాచిపెట్టడం.
నా రెండో అధ్యాయం మొత్తం ఆమె గోనెసంచిలో ఉంది.

పక్కన కూచుని నోటుబుక్కు తెరిచాను.
"ఇక్కడ కూచోడానికి నీకెంత ఖర్చవుతుంది?"
స్థలం అద్దె చెప్పింది. మినీబస్సు చార్జీ చెప్పింది.
"అది కాదు. ఇక్కడ కూచోకపోతే ఏం చేసేదానివి?"
టోపీ సర్దుకుంది.
చెల్లెలి పొలంలో కీన్వా దులిపేదాన్నంది.
కాసేపు కాళ్లు చాపుకునేదాన్నంది.
తర్వాత నా వంక తేరిపార చూసి,
"పంతులమ్మా, గంట నుంచి నా ముందు అడ్డంగా కూచున్నావు.
ఇద్దరొచ్చారు, నిన్ను చూసి పక్క కొట్టుకి పోయారు.
రాసుకో, అదీ ఖర్చే."

రాసుకున్నాను.
నేను చదివిన చోట ఎవరూ
ఇంత సూటిగా చెప్పలేదు.
సిగ్గుపడి రెండు కిలోలు అడిగాను.
తూచింది. ముల్లు నిలబడింది.
సరిగ్గా అక్కడ,
గిరాకీ గీతా సరఫరా గీతా కలిసే చోట,
నా బొమ్మలో నేను ఎర్రచుక్క పెట్టే చోట,
అన్నం దగ్గర కొసరి వడ్డించినట్టు
ఇంకో గుప్పెడు తీసి సంచిలో పోసింది.
గంటసేపు బేరం చెడగొట్టినదానికి
కొసరు!

సంపాదకుడు ఫ్లావియానో ఆ పేరా తీసేయమన్నాడు.
"ఆ గుప్పెడు ఏ అక్షం మీద?
నిన్ను మళ్లీ రప్పించుకునే పెట్టుబడి అది.
అలా రాస్తే ఉంచుదాం."
కావచ్చు. మళ్లీ వెళ్లాను కదా, ప్రతి గురువారం.
మేమిద్దరం ఇప్పుడు ఒకరికొకరం వాడుక.
అయినా అలా రాయడానికి చెయ్యి రాలేదు.
రాయకపోవడానికి కారణమూ దొరకలేదు.

రాత్రుళ్లు దిద్దుతూ కూచుంటే
మంచం కింది ట్రాంబోన్ పెట్టె కాలికి తగులుతుంది.
ఒకప్పుడు పండగ ఊరేగింపుల్లో
పద్నాలుగుమంది మగాళ్ల వరసలో నేనొక్కత్తిని,
పెదాలు చిట్లే చలిలో ఊదేదాన్ని.
పుస్తకం మొదలెట్టిన ఏడాది
"ఈసారికి రాలేను" అన్నాను.
మరుసటేడు వాళ్లు అడగలేదు.
నా చోట్లో ఇప్పుడు రూఫీనా అనే పిల్ల ఊదుతోందట,
నాకంటే బాగానే.
పుస్తకం వెల నలభై బొలీవియానోలని
అట్ట మీద వేస్తారు.

నిన్న ఆఖరి ప్రూఫులొచ్చాయి.
ఇరవై మూడో పేజీలో, బొమ్మ కింద,
వేలెడంత తెల్లకాగితం మిగిలింది.
ఏదైనా అభ్యాస ప్రశ్న వేయమన్నాడు ఫ్లావియానో.
వేశాను:
"మీ వీధిలో కొసరు ఎవరిస్తారు? ఎందుకని?"
వెనక జవాబుల పట్టికలో
ఆ నంబరు ఎదుట ఖాళీ వదిలాను.

ఇవాళ గురువారం. చూన్యో నానేశాను.
పెట్టె లాగి, దుమ్ము తుడిచి,
మౌత్‌పీస్ పెదాలకి ఆనించాను.
గాలి వచ్చింది, స్వరం రాలేదు.
కిందింట్లో కుక్క మొరిగింది.